వెన్ను వంపు: చెప్పుకోవడం, దాచుకోవడం

స్కోలియోసిస్ అంటే వెన్నెముక పక్కకు వంగడం. వంపు ఉన్నచోట పూసలు కొద్దిగా మెలి కూడా తిరుగుతాయి, వాటితోపాటు పక్కటెముకలూ తిరుగుతాయి. ముందుకు వంగే గూని వేరు, ఇది వేరు. అయినా ఇళ్లలో రెండింటినీ ఒకే గాటన కడతారు. వంపును ఎక్స్‌రే మీద కాబ్ కోణంతో కొలుస్తారు. అమెరికా వైద్యుడు జాన్ కాబ్ 1948లో వివరించిన పద్ధతి ఇది. కోణం 10 డిగ్రీలు, ఆపైన ఉంటేనే స్కోలియోసిస్ అంటారు. కౌమారంలో ఉన్న పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఇది ఉంటుంది. వారిలో చాలామందికి వంపు చిన్నదే, చికిత్స కూడా అక్కర్లేదు. చిన్న వంపుల్లో ఆడపిల్లలు, మగపిల్లలు ఇంచుమించు సమానం. 30 డిగ్రీలు దాటిన వంపుల దగ్గరికి వచ్చేసరికి ఒక అబ్బాయికి సుమారు పదిమంది అమ్మాయిలు ఉంటారు. అంటే చెప్పాలా దాచాలా అన్న ప్రశ్న ఎక్కువగా ఆడపిల్లల మీదే పడుతుంది.

ఈ వయసులో వచ్చే స్కోలియోసిస్‌లో అత్యధిక భాగానికి కారణం తెలియదు. కొన్ని కుటుంబాల్లో ఒకరికి మించి కనిపిస్తుంది కాబట్టి వంశపారంపర్యపు పాత్ర ఉందని వైద్యులు అంటారు, అంతవరకే. బరువైన పుస్తకాల సంచీ వల్లో, వంకరగా కూర్చోవడం వల్లో ఇది రాదు. కారణం ఖాళీగా ఉన్నచోట చుట్టాలూ ఇరుగుపొరుగూ తమకు తోచిన కారణాలు నింపుతారు. స్నేహితులకు చెప్పడం కష్టమయ్యేది సగం ఇందువల్లే.

దీని మరో గుణం, పైకి సగమే కనిపించడం. ఒక భుజం ఎత్తుగా ఉంటుంది, ఒక రెక్క ఎముక పొడుచుకొస్తుంది, నడుము ఒక పక్క లోతుగా కనిపిస్తుంది. వదులైన కుర్తా వేసి చున్నీ కప్పుకుంటే ఏదీ తెలియదు. నడుము వంచి చేతులు కిందికి వేలాడదీసినప్పుడు మాత్రం వీపు ఒక పక్క ఉబ్బెత్తుగా లేస్తుంది. ఇంగ్లండు వైద్యుడు విలియం ఆడమ్స్ 1865లో వర్ణించిన ఆ పరీక్షను నేటికీ ముందుగా చేస్తారు. స్కూలు మైదానంలో డ్రిల్లు చేసేటప్పుడు అదే భంగిమ వస్తుంది. కొందరు పిల్లల గుట్టు మొదట బయటపడేది అక్కడే.

అమెరికా సామాజికశాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1963లో ప్రచురించిన ‘స్టిగ్మా’ అనే పుస్తకంలో లోపం ఉన్నవారిని రెండు రకాలుగా చూశాడు. లోపం ఎదుటివారికి ముందే తెలిసినవారు కొందరు, ఇంకా తెలియనివారు కొందరు. మొదటివారికి ఎదుటివారి చూపును తట్టుకోవడమే పని. రెండోవారు ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు, ఎంత చెప్పాలి అన్న లెక్కలు నిత్యం వేసుకుంటూ ఉండాలి. స్కోలియోసిస్ ఉన్న పిల్లలు ఒకే రోజులో రెండు వైపులా ఉంటారు. క్లాసులో రెండో రకం, డ్రిల్లులో మొదటి రకం.

హైదరాబాదు తూర్పున దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీ నగర్ దాకా ఉన్న రోడ్డు ఈ లెక్కలకు అనువైన చోటు కాదు. కోచింగ్ సెంటర్లు, జూనియర్ కాలేజీలు, హాస్టళ్లు ఇక్కడ కిక్కిరిసి ఉంటాయి. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి విజయవాడ రోడ్డు మీద వచ్చే పిల్లలు ఎల్బీ నగర్‌లో బస్సు దిగి ఈ సందుల్లోని గదుల్లో సర్దుకుంటారు. గదికి ముగ్గురో నలుగురో ఉంటారు, మంచానికీ మంచానికీ మధ్య మనిషి పట్టేంత చోటుంటే అదే ఎక్కువ. ఎల్బీ నగర్‌లోనో వనస్థలిపురంలోనో సొంతింట్లో ఉంటూ 2018 సెప్టెంబరులో ఇక్కడిదాకా వచ్చిన మెట్రోలో కాలేజీకి వెళ్లొచ్చే అమ్మాయి నాలుగేళ్లపాటు ఎవరికీ తెలియకుండా గడపగలదు. హాస్టల్ అమ్మాయికి ఆ వీలు లేదు.

బెల్టు అందుకు ఒక కారణం. వంపు 25 నుంచి 40 డిగ్రీల మధ్య ఉండి, పిల్లలు ఇంకా ఎదుగుతూ ఉంటే వైద్యులు బ్రేస్ వేస్తారు. మన దగ్గర అందరూ దాన్ని బెల్టు అనే అంటారు, నిజానికి అది చంకల కింది నుంచి తుంటి దాకా వచ్చే గట్టి ప్లాస్టిక్ తొడుగు. వంపును పూర్తిగా సరిచేయడం దాని పని కాదు, పెరగకుండా ఆపడమే. అమెరికా, కెనడాల్లో జరిగి 2013లో వెలువడిన పెద్ద అధ్యయనంలో రోజుకు కనీసం 18 గంటలు వేసుకోమని చెప్పారు. బెల్టు వాడినవారిలో నూటికి 72 మందికి వంపు శస్త్రచికిత్స హద్దు అయిన 50 డిగ్రీలకు చేరకుండానే ఎదుగుదల ముగిసింది. వాడనివారిలో ఆ సంఖ్య 48. ఎక్కువ గంటలు వేసుకున్నవారికి ఎక్కువ మేలు జరిగింది. తెలుగు పిల్లల విషయంలో ఇందులో చిక్కు ఉంది. దాచాలనుకునే అమ్మాయి కాలేజీకి బెల్టు తీసేసి వెళ్తుంది. గుట్టు నిలుస్తుంది, గంటలు తగ్గుతాయి, వంపు పెరిగే ప్రమాదం ఎక్కువవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీల ఎండలో కాటన్ బనియన్ మీద ప్లాస్టిక్ తొడుగు వేసుకుని తిరగడం ఎవరికీ తెలియకుండా సాగే పని కాదు కూడా. కాబట్టి ఇక్కడ చెప్పడం, దాచడం వట్టి మనసుకు సంబంధించిన విషయం కాదు. కొందరి విషయంలో అది వెన్నుకే సంబంధించినది.

ఇక ధర్మం ప్రశ్న. స్నేహితులకు చెప్పకపోతే అది అబద్ధమా? భారతీయ శాస్త్రాల్లో సత్యం గురించి చెప్పినవారు తెలిసినదంతా చెప్పితీరాలని సాధారణంగా అనలేదు. యోగసూత్రాలకు వ్యాసుడి పేర ఉన్న భాష్యం, ప్రాణులకు హాని చేసే మాట పైకి సత్యంలా కనిపించినా సత్యం కాదంటుంది. మనుస్మృతి నాలుగో అధ్యాయం సత్యాన్ని ప్రియంగా పలకమంటుంది, అప్రియమైన సత్యాన్ని పలకవద్దంటుంది, ప్రియమైన అబద్ధాన్నీ నిషేధిస్తుంది. జర్మన్ తత్త్వవేత్త కాంట్ అబద్ధం విషయంలో ఎంత కఠినుడో అందరికీ తెలుసు. ఆయన కూడా అబద్ధమాడకపోవడం వేరు, మనసులో ఉన్నదంతా బయటపెట్టడం వేరు అని గుర్తించాడు. చెప్పకుండా ఊరుకునే హక్కు ఇన్ని చోట్ల నిలబడుతోంది. అయితే ఊరుకోవడం ఒక్కోసారి అబద్ధంలోకి జారుతుంది. శస్త్రచికిత్సకు నెలన్నర కాలేజీ మానేసిన పిల్లకు టైఫాయిడ్ వచ్చిందని ఇంట్లోవాళ్లు చెప్పిస్తారు. అది మౌనం కాదు, కల్పన. ఆ కల్పనను తిరిగొచ్చాక ఏళ్ల తరబడి నిలబెట్టాల్సింది కూడా ఆ పిల్లే. మౌనానికి లేని ఈ అదనపు మోత అబద్ధానికి ఉంటుంది.

‘ఎవరికీ చెప్పకు’ అని మొదట చెప్పేది సాధారణంగా ఇల్లే. ఆ మాట వెనక ఉన్నది సిగ్గొక్కటే అనుకుంటే తల్లికి అన్యాయం జరుగుతుంది. ‘రేపు సంబంధాలు చూడాలి కదా’ అన్న భయం అందులో పెద్ద భాగం. ఆ భయం ఊరికే పుట్టలేదు. పెళ్లిచూపుల్లో పిల్ల నడకను గమనించే అలవాటు ఇంకా పోలేదు. పాత నీతిశాస్త్రం కూడా తల్లి పక్షానే మాట్లాడుతున్నట్టు కనిపిస్తుంది. సంస్కృత నీతిశ్లోకాల్లో నవగోప్యాలనే జాబితా ఒకటుంది. వయసు, డబ్బు, ఇంటి లొసుగు, మంత్రం, మందు, దాంపత్యం, దానం, పొందిన గౌరవం, పడిన అవమానం: ఈ తొమ్మిదీ బయటికి చెప్పకూడనివి. స్కోలియోసిస్‌లో వీటిలో మూడైనా ఉన్నాయి. మందు ఉంది, అవమానం ఉంది, ఇంటివాళ్ల దృష్టిలో ఇంటి లొసుగూ ఉంది. కానీ ఆ జాబితా లోకాన్ని దృష్టిలో పెట్టుకుని చెప్పినది. లోకానికీ స్నేహితుడికీ మధ్య నీతిశాస్త్రమే గీత గీసింది. పంచతంత్రం స్నేహానికి ఆరు గుర్తులు చెబుతుంది: ఇవ్వడం, పుచ్చుకోవడం, గుట్టు చెప్పడం, గుట్టు అడగడం, తినడం, తినిపించడం. హాస్టల్ గదిలో మొదటి రెండూ చివరి రెండూ రోజూ జరిగేవే. ఊరి నుంచి వచ్చిన సకినాలు, ఆవకాయ గదంతా పంచుకుంటారు. మధ్య రెండే కష్టం.

ఆ కష్టానికి మూలం కర్మ ప్రశ్నలో ఉంది. దాన్ని తేల్చకుండా ముందుకు పోవడం కుదరదు. ‘ఏ జన్మలో ఏం పాపం చేసిందో’ అన్న మాట ఆసుపత్రి వరండాలో వినబడుతుంది, పెళ్లి పందిట్లో వినబడుతుంది. దానికి శాస్త్రాధారం లేదనడం నిజాయితీ కాదు. మనుస్మృతి పదకొండో అధ్యాయం పూర్వజన్మ పాపాలకు ఫలంగా ఏయే దేహలోపాలు కలుగుతాయో వరుసగా చెబుతుంది. ఆ లెక్కను ఒప్పుకుంటే స్నేహితురాలికి వంపు గురించి చెప్పడం సమాచారం ఇవ్వడంగా మిగలదు, నేరం ఒప్పుకోవడం అవుతుంది. ఏం చేశానో తెలియని నేరాన్ని పద్నాలుగేళ్ల పిల్ల ఒప్పుకోవాలి. అదే గ్రంథం నాలుగో అధ్యాయంలో అంగలోపం ఉన్నవారిని ఆ లోపం చూపి ఆక్షేపించకూడదని నిషేధించింది. రెండూ కలిపి చదివితే తేలేది ఒకటుంది. కర్మ సిద్ధాంతాన్ని నమ్మేవారికి కూడా ఎదుటివారి శరీరం చూసి వారి పాపం చదివే అధికారం లేదు. కర్మ గతి అంతుపట్టనిదని గీత నాలుగో అధ్యాయమూ అంటుంది. అంతుపట్టనిదాన్ని పక్కింటివారు ఇంత సులువుగా ఎలా పట్టేస్తారన్నది వేరే సంగతి. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ని చూసి శిష్యులు ఇదే అడుగుతారు, పాపం ఇతడిదా, కన్నవారిదా అని. ఇద్దరిదీ కాదని యేసు జవాబు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో హిందువుల పిల్లలూ క్రైస్తవుల పిల్లలూ కలిసే ఉంటారు కాబట్టి రెండు మాటలూ అక్కడ వినబడగలవు.

వంకర దేహాల కథలు తెలుగువారికి కొత్త కాదు. మహాభారతం అరణ్యపర్వంలో అష్టావక్రుడు గర్భంలో ఉండగానే తండ్రి కహోడుడి వేదపఠనంలో దోషం ఎత్తిచూపి, ఎనిమిది చోట్ల వంకరగా పుట్టేలా శాపం పొందుతాడు. అతడి వంకరకు కారణం పాపం కాదు, చెప్పిన నిజం. జనకుడి యాగశాల దగ్గర ద్వారపాలకుడు అతణ్ని ఆపినది కూడా దేహం చూసి కాదు, వయసు చాలదని. సభ అంతా నవ్విందనే ఘట్టం లోకంలో ఎక్కువగా చెప్పుకునే కథలోది. భాగవతం దశమస్కంధంలో మూడు వంకరల కుబ్జ మధుర వీధిలో కృష్ణుడికి చందనం ఇస్తుంది, ఆయన ఆమె పాదాలను తన పాదాలతో తొక్కిపట్టి గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి పైకెత్తి నిటారు చేస్తాడు. లూకా సువార్త పదమూడో అధ్యాయంలో పద్దెనిమిదేళ్లుగా నడుము వంగిపోయిన స్త్రీని యేసు విశ్రాంతిదినాన సమాజమందిరంలో అందరిముందూ స్వస్థపరుస్తాడు. అష్టావక్రుడికీ చివరికి సమంగా నదిలో మునిగాక అవయవాలు చక్కబడతాయి. ముగ్గురినీ కథ వంకరగా వదలలేకపోయింది. స్కోలియోసిస్ ఉన్న అమ్మాయికి ఈ కథల్లో అందే ఊరట అక్కడితో ఆగిపోతుంది. బెల్టు వల్ల గానీ, రాడ్లు, స్క్రూలు వేసే శస్త్రచికిత్స వల్ల గానీ వెన్ను కథల్లోలా చక్కబడదు. ఆమె స్నేహితులతో మాట్లాడాల్సింది వంపుతోనే. ఆ మాటకొస్తే అష్టావక్రగీత ఎక్కువ ఉపయోగపడుతుంది. అందులో దేహాన్ని చక్కదిద్దే ప్రస్తావన లేదు. ఆత్మ దేహం కాదనే బోధ ఉంది. అయితే ‘నువ్వు దేహానివి కాదు’ అన్న మాట తనకు తాను చెప్పుకుంటేనే జ్ఞానం. బెల్టు కింద చెమటపొక్కులు మంటపుడుతున్న పిల్లకు పక్కవాళ్లు చెబితే అది మాట దాటవేయడమే.

చైతన్యపురిలో మూసీ ఒడ్డున కొసగుండ్ల నరసింహస్వామి గుడి దగ్గర బండ మీద బ్రాహ్మీలిపిలో ఒక ప్రాకృత శాసనం ఉంది. విష్ణుకుండిన రాజుల కాలానిదిగా పండితులు చెప్పే ఆ శాసనంలో గోవిందరాజ విహారం ప్రస్తావన ఉంది. నేటి కోచింగ్ బోర్డుల పేటలో ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు ఉన్నారన్నమాట. బౌద్ధం స్నేహానికి ఇచ్చిన స్థానం చాలా పెద్దది. మంచి స్నేహం బ్రహ్మచర్యంలో, అంటే ధర్మజీవితంలో, సగమని శిష్యుడు ఆనందుడు అంటే, సగం కాదు మొత్తం అదేనని బుద్ధుడు సరిదిద్దాడని పాలి గ్రంథం సంయుక్తనికాయం చెబుతుంది. దీఘనికాయంలోని సిగాలోవాద సుత్తంలో, సుఖదుఃఖాల్లో తోడుండే స్నేహితుడి లక్షణాల్లో రెండు పక్కపక్కనే వస్తాయి: తన గుట్టు చెబుతాడు, మిత్రుడి గుట్టు దాస్తాడు. భర్తృహరి నీతిశతకం కూడా మంచి మిత్రుడు మిత్రుడి రహస్యాన్ని కప్పి, గుణాలను బయటపెడతాడంటుంది. పంచతంత్రం జాబితాకు ఈ రెండూ కొత్తగా చేర్చినది చిన్నదేమీ కాదు. గుట్టు చెప్పే పని ఒకరిది, దాచే పని మరొకరిది. నవగోప్యాల్లో దాచాల్సిన బాధ్యత గుట్టు ఉన్నవాడి మీదే పడింది. ఇక్కడ అది విన్నవాడి మీదికి మారింది. అదే బౌద్ధం వినయపిటకంలో గూనివారికి ప్రవ్రజ్య (సన్యాస దీక్ష) ఇవ్వకూడదన్న నియమాన్నీ పెట్టింది. స్నేహం గురించి అంత చెప్పిన సంఘం గేటు దగ్గర ఆ శరీరాలను ఆపిందన్నది దాచాల్సిన విషయం కాదు.

విన్నవారి బాధ్యతను అతి సూక్ష్మంగా విడమరిచినది ఇస్లాం అనవచ్చు. దిల్‌సుఖ్‌నగర్‌కు ఒక్క స్టేషన్ ఇవతల మూసారాంబాగ్, ఇంకా ముందుకు పోతే మలక్‌పేట. అక్కడి ముస్లిం ఇళ్లలో గీబత్ అన్న మాట పిల్లలకు చిన్నప్పుడే తెలుస్తుంది. మనిషి లేనప్పుడు అతడికి నచ్చని సంగతి చెప్పడం గీబత్. చెప్పింది నిజమైనా సరే అది గీబతే. అబద్ధమైతే అంతకంటే పెద్ద తప్పు. దేహలోపాల ప్రస్తావన కూడా ఇందులోకి వస్తుందని ఇస్లాం పండితుడు గజాలీ తన ‘ఇహ్యా’ గ్రంథంలో వివరించాడు. ప్రవక్త భార్య సఫియా పొట్టిదని మరో భార్య ఆయిషా సూచించినప్పుడు, ఆ ఒక్క మాటను సముద్రంలో కలిపితే సముద్రం మొత్తం చెడుతుందని ప్రవక్త అన్నారని అబూదావూద్ హదీసు సంకలనంలో ఉంది. సఫియా పొట్టిగా ఉండటం నిజమే కావచ్చు. నిజం కావడం అక్కడ సాకు కాలేదు. క్లాసు వాట్సాప్ గ్రూపులో ‘దానికి వెన్ను వంకరంట, తెలుసా?’ అని పెట్టే అమ్మాయి కూడా నిజమే రాస్తుంది.

విన్నవారు చేసే ఇతర తప్పులు ఇంత పెద్దవి కావు, కానీ తరచుగా జరుగుతాయి. జాలి అందులో ఒకటి. ‘అయ్యో పాపం’ అన్నవారు మర్నాటి నుంచి ఆటకు పిలవరు. స్కోలియోసిస్ ఉన్న చాలామంది పరుగెత్తగలరు, ఈదగలరు, ఆడగలరు. జమైకా పరుగువీరుడు ఉసేన్ బోల్ట్‌కూ ఇది ఉంది. ఈ ఉదాహరణను మరీ సాగదీయకూడదు. ఒలింపిక్ పతకాలు గెలిచాక చెప్పుకునే వంపు వేరు, ఏ పతకమూ లేని తొమ్మిదో తరగతి వంపు వేరు. ఇంకో తప్పు సలహా. ఒకరు ఫలానా నూనె అంటారు, ఒకరు పదకొండు గురువారాలు దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడికి వెళ్లమంటారు, మరొకరు యోగా చేస్తే పోతుందంటారు. గుడికి వెళ్లడంలో, యోగాలో తప్పేమీ లేదు. కానీ చెప్పినదాన్ని వినకముందే పరిష్కారం చేతిలో పెడితే, ఆ అమ్మాయి రెండోసారి చెప్పదు.

చెప్పే తీరు గురించి శాస్త్రాలు పెద్దగా మాట్లాడవు, అనుభవంలో తేలినది కొంత ఉంది. అందరికీ ఒకేసారి చెప్పేదానికంటే ఒకరితో మొదలుపెట్టడం మేలు. ఆ ఒకరు అన్నిటికంటే దగ్గరి స్నేహితురాలే కానక్కర్లేదు, నోరు జారని మనిషి అయితే చాలు. హాస్టల్‌లో అది తరచు గదిలో పక్క మంచం అమ్మాయి అవుతుంది, ఎందుకంటే వెనకపట్టీ ఉన్న బెల్టును గుర్తు పెట్టినంత వరకు బిగించడానికి రెండో మనిషి చేతులు కావాలి. చెప్పాల్సింది నాలుగు ముక్కలు: వెన్ను పక్కకు వంగింది, ఎందుకో డాక్టర్లకూ తెలియదు, అంటుకునేది కాదు, ఎదుగుదల ఆగేదాకా ఇది వేసుకోవాలి. దేనికి సాయం కావాలో, దేనికి వద్దో కూడా అప్పుడే చెబితే జాలికి చోటు తగ్గుతుంది. పూర్వజన్మ ప్రస్తావన వస్తే జవాబివ్వాల్సిన అవసరం లేదు. అది వైద్య ప్రశ్న కాదు, ఆమెను అడగాల్సిన ప్రశ్న అంతకన్నా కాదు. ఒకరికి చెప్పాక మిగతావారికి చెప్పాలా అన్న నిర్ణయం ఇంకా ఆమె దగ్గరే ఉంటుంది, విన్న అమ్మాయి దగ్గర కాదు.

వినే హక్కు అందరికీ ఒకేలా ఉండదు. డ్రిల్లు మాస్టారికీ హాస్టల్ వార్డెనుకూ చెప్పాల్సింది అవసరం కొద్దీ. శస్త్రచికిత్స అయిన పిల్లతో కొన్ని నెలలపాటు బరువులెత్తించకూడదు, వంగి చేసే పనులు చెప్పకూడదు. స్నేహితులకు ఇలాంటి హక్కేదీ లేదు. వారికి చెప్పడం బాకీ తీర్చడం కాదు, కాబట్టి చెప్పని అమ్మాయి మోసం చేసినట్టు కాదు. ఏళ్ల తర్వాత పెళ్లి మాటల దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి మారుతుంది. అక్కడ ఎదుటి మనిషి తన జీవితం గురించి నిర్ణయం తీసుకుంటున్నాడు, ఆ నిర్ణయానికి కావలసినది దాచితే మౌనం మోసమవుతుంది. తల్లి భయపడింది ఆ రోజు గురించే. అయితే ‘చెప్పకు’ అన్న ఆమె మాట ఎక్కువగా అమలయ్యేది అంతకు పదేళ్ల ముందు, చెప్పాల్సిన బాధ్యత లేని, చెబితే పట్టీ బిగించడానికి ఒకరు దొరికే హాస్టల్ గదిలో.